వరద శిబిరంలో పిల్లల కాపుదల: తిరుపతి, చిత్తూరు పల్లెల్లో చేయవలసిన పనులు

2021 నవంబరు మూడో వారంలో తిరుపతి చుట్టుపక్కల వంకలన్నీ ఒక్కసారిగా పొంగాయి. కల్యాణి డ్యాం గేట్లు ఎత్తారు, తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి ఒడ్డున ఇళ్లు కూలాయి, తిరుమల ఘాట్ రోడ్లు మూతపడ్డాయి. ఆ వెంటనే రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట తెగుతుందేమోనన్న భయంతో దిగువ ఊళ్లను హడావుడిగా ఖాళీ చేయించారు. ఆ రోజుల్లో నేను ఒక పునరావాస కేంద్రంలో వంట దగ్గర, పేర్ల నమోదు దగ్గర సాయపడ్డాను. రెండో రోజు సాయంత్రం ఆరేళ్ల పిల్ల ఒకతె కనబడలేదని తల్లి ఏడుస్తూ వచ్చింది. ఎవరో ఒక మనిషి బైకు మీద ఎక్కించుకుపోయాడని ఒకరు చెప్పారు, లేదు ఆటోలో వెళ్లిందని ఇంకొకరు చెప్పారు. గంటన్నర తరువాత తేలిందేమంటే, తీసుకువెళ్లినది మేనమామే. తమ ఊరు మెరక మీద ఉందని, పిల్ల అక్కడైతే తడవకుండా ఉంటుందని ఆయన తీసుకువెళ్లాడు. పిల్ల క్షేమంగానే ఉంది. అయినా ఆ గంటన్నరలో మాకు ఒక సంగతి తెలిసివచ్చింది. బియ్యం ఎన్ని బస్తాలు వచ్చాయో, దుప్పట్లు ఎన్ని పంచామో మా దగ్గర లెక్క ఉంది. పిల్లలు ఎంతమంది ఉన్నారో, ఎవరు ఎవరితో ఉన్నారో, ఎవరు ఎవరి వెంట బయటికి వెళ్లారో మాత్రం ఏ కాగితం మీదా లేదు. మేనమామ కాక వేరెవరైనా అయి ఉంటే మేము పోలీసులకు చెప్పడానికి కూడా ఏమీ ఉండేది కాదు.

ఈ వ్యాసం ఊరి యువకులకు, స్వయం సహాయక సంఘాల మహిళలకు, సచివాలయ సిబ్బందికి, బడి పంతుళ్లకు ఉద్దేశించినది. మన ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాల కాలం, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఇలాంటి పరిస్థితి మళ్లీ మళ్లీ వస్తుంది. 2020 నవంబరులో నివర్ తుపాను, 2021 వరదలు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరుసగా వచ్చి స్వర్ణముఖి పరీవాహక ప్రాంతాన్ని, గూడూరు, సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు ఊళ్లను ముంచాయి. నీటి నుంచి మనుషులను తప్పించడం మనవాళ్లు నేర్చుకున్నారు. నీరు తీసిన తరువాత, గుంపుగా ఉన్న బడి గదుల్లో, అప్పు తప్ప మరో దారి లేని ఇళ్లలో పిల్లలకు వచ్చే ప్రమాదాన్ని గుర్తించడం ఇంకా నేర్చుకోవలసి ఉంది.

వాన ముదరకముందు ఇంట్లో చేయవలసినవి

నాలుగేళ్లు దాటిన ప్రతి బిడ్డకూ తన పూర్తి పేరు, తల్లిదండ్రుల అసలు పేర్లు, ఊరు, మండలం, ఒక ఫోను నంబరు నోటికి రావాలి. పసిపిల్లలను మీ నాన్న పేరేమిటని అడిగితే చాలామంది "నాయన" అనే చెబుతారు. వారికి తెలిసిన పేరు అదే. రోజూ అన్నం పెట్టేటప్పుడు రెండుసార్లు అడిగి చెప్పిస్తే వారం రోజుల్లో వచ్చేస్తుంది. నంబరును పాటలాగా చెప్పిస్తే ఇంకా తొందరగా వస్తుంది. సరిహద్దు మండలాల్లో, అంటే సత్యవేడు, నగరి, కుప్పం వైపు, ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలు తెలుగులో కూడా ఈ వివరాలు చెప్పగలగాలి.

ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, జనన ధ్రువపత్రం, ఇంటిల్లిపాదీ కలిసి దిగిన ఒక ఫోటో జిరాక్సు తీసి ప్లాస్టిక్ కవరులో చుట్టి ఉంచండి. ఫోటో ముఖ్యం. బిడ్డ తప్పిపోయినప్పుడు ఈ బిడ్డ నాదేనని నిరూపించుకోవడానికి తల్లికి అంతకంటే దగ్గరి ఆధారం దొరకదు. ఇల్లు వదలవలసివస్తే చిన్నపిల్లల చొక్కా లోపలి వైపు, లేదా ముంజేతి మీద, తడికి చెరగని ఇంకుతో ఫోను నంబరు రాయండి. పేరు మాత్రం బయటికి కనబడేలా రాయకూడదు. పేరు పెట్టి పిలిచే కొత్త మనిషిని పసివాడు తెలిసినవాడే అనుకుంటాడు. విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో కూడా ముందే చెప్పి ఉంచండి: మెరక మీద ఉన్న గంగమ్మ గుడి అరుగు, బడి జెండా కట్ట, ఇలా పిల్లలకు కళ్లు మూసుకున్నా తెలిసే చోటు.

శిబిరంలో మొదటి రాత్రి: పిల్లల పుస్తకం

శిబిరం తెరిచిన మొదటి గంటలోనే మూడు వస్తువులు సమకూర్చుకోవాలి. ఒక గట్టి అట్ట నోటు పుస్తకం, గేటు దగ్గర ఒక బల్ల, దాని వెనుక కూర్చునే ఇద్దరు మనుషులు. ఆ ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా మహిళ కావాలి. అంగన్‌వాడీ టీచరు లేదా సచివాలయ మహిళా పోలీసు అయితే మరీ మంచిది, ఎందుకంటే ఊళ్లో ఏ బిడ్డ ఎవరిదో వాళ్లకు ముందే తెలుసు. ఒకరే కూర్చుంటే భోజనానికి లేచినప్పుడు గేటు ఖాళీ అవుతుంది; పైగా ఒక్క మనిషి చేతిలో ఇంత అధికారం ఉండటం ఆ మనిషికీ మంచిది కాదు, పిల్లలకూ మంచిది కాదు.

పద్దెనిమిదేళ్లలోపు ప్రతి ఒక్కరికీ పుస్తకంలో ఒక వరుస ఉండాలి. బిడ్డ పేరు, ఇంట్లో పిలిచే ముద్దుపేరు, వయసు, ఊరు, తల్లిదండ్రుల పేర్లు, శిబిరంలో ఎవరితో ఉంటోంది, వారు బిడ్డకు ఏమవుతారు, పడుకునే గది నంబరు, మందులు లేదా వైకల్యం వంటి ప్రత్యేక అవసరం. ఆధార్ లేదని ఎవరినీ పక్కన పెట్టకూడదు. చెరువు కట్టల మీద, వంకల పక్కన గుడిసెలు వేసుకొని ఉండే యానాది కుటుంబాల్లో చాలామంది పిల్లలకు జనన ధ్రువపత్రం కూడా ఉండదు; కాగితం లేని బిడ్డే తప్పిపోతే ఎవరి లెక్కలోనూ లేకుండా పోతుంది కనుక ఆ పేరే ముందు రాయాలి.

ఇక బయటికి వెళ్లే వరుస. బిడ్డను శిబిరం నుంచి తీసుకువెళ్లేవారు తల్లే అయినా, తండ్రే అయినా, పేరు, ఫోను నంబరు, ఎక్కడికి, ఎప్పటికి తిరిగివస్తారు అన్నవి రాసి సంతకమో వేలిముద్రో పెట్టాలి. బంధువు తీసుకువెళుతుంటే, బిడ్డతో శిబిరంలో ఉంటున్న పెద్దమనిషి ఎదురుగా ఉండి ఒప్పుకోవాలి. మన ఊళ్లలో వరుసలు కలిపి పిలుచుకోవడం అలవాటు; మామ, చిన్నాన్న, అన్న అన్న పిలుపులు రక్తసంబంధానికి రుజువులు కావు. ఎవరైనా నొచ్చుకుంటే, "అన్నా, మీ బిడ్డ కోసమే రాస్తున్నాం, రేపు ఇంకెవరో వచ్చి అడిగినా ఇలాగే ఆపుతాం" అని చెప్పండి. మేము మూడో రోజు నుంచి ఇలా చేసినప్పుడు మొదట విసుక్కున్నవాళ్లే తరువాత ఈ పని మొదటి రోజే ఎందుకు చేయలేదని అడిగారు.

ఉదయం, రాత్రి రెండుపూటలా బడిలో హాజరు పిలిచినట్టు పేర్లు పిలవండి. దీనికి పావుగంట పడుతుంది. ఒక పేరుకు జవాబు రాకపోతే రాత్రికి చూద్దామని వదిలేయకుండా అప్పుడే వెదకడం మొదలుపెట్టాలి.

తోడులేని బిడ్డ దొరికినప్పుడు

మందిలో నుంచి, బస్సులో నుంచి, రోడ్డు మీద నుంచి ఒంటరిగా వచ్చిన బిడ్డను ముందు కూర్చోబెట్టి, తడి బట్టలు మార్చి, తినడానికి పెట్టి, తరువాత నెమ్మదిగా అడగండి. ఊరి పేరు చెప్పలేని పిల్లవాడు కూడా ఇంటి దగ్గర ఏముందో చెబుతాడు: రైలు కట్ట, మామిడి తోట, పాలకేంద్రం, చెరువు మరవ. ఇంట్లో ఆవు పేరు, కుక్క పేరు, అవ్వ ఏ పని చేస్తుందో చెబుతాడు. చెప్పిన మాటలు చెప్పినట్టే రాయండి. బిడ్డ ఏ బట్టలతో, ఏ చోట, ఎన్ని గంటలకు, ఎవరికి దొరికిందో కూడా రాయండి. తోబుట్టువులు కలిసి వస్తే ఎట్టి పరిస్థితిలోనూ వారిని విడదీయకూడదు.

వెంటనే 1098కి ఫోను చేయాలి. పిల్లల సహాయవాణి అయిన ఈ నంబరు ఏ వేళలోనైనా పనిచేస్తుంది, 112 అత్యవసర సేవతో అనుసంధానమై ఉంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకృతి విపత్తుకు గురైన బిడ్డను రక్షణ, సంరక్షణ అవసరమైన బిడ్డగా స్పష్టంగా పేర్కొంటుంది. కుటుంబం నుంచి విడిపోయిన బిడ్డ దొరికిన 24 గంటల్లోపు పోలీసులకో, 1098కో, ఇలాంటి బిడ్డల విషయంలో నిర్ణయం తీసుకునే బాలల సంక్షేమ సమితికో, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికో తెలియజేయకపోవడం ఆ చట్టం కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా ఉంటాయి. జాలిపడి ఇంటికి తీసుకువెళ్లి పది రోజులు అన్నం పెట్టినవారు కూడా, కబురు చెప్పకపోతే, ఆ బిడ్డ కోసం కాళ్లరిగేలా తిరుగుతున్న తల్లికి అన్యాయం చేసినవారే అవుతారు.

ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం ఇప్పుడు అందరూ మంచి మనసుతో చేస్తున్న పెద్ద పొరపాటు. బిడ్డ ముఖం, పేరు, దొరికిన చోటు అన్నీ ఒకే సందేశంలో పెడితే, దాన్ని చదివిన ఎవరైనా వచ్చి, పేరు పెట్టి పిలిచి, నా బిడ్డేనని అనగలరు. ఆపదలో ఉన్న బిడ్డ గుర్తింపును బయటపెట్టడాన్ని అదే చట్టంలోని 74వ సెక్షను నిషేధిస్తుంది కూడా. ఫోటో పోలీసులకు, బాలల సంక్షేమ సమితికి ఇవ్వండి. ఊళ్లలో "ఐదేళ్ల మగబిడ్డ దొరికాడు, ఆచూకీ కోసం ఫలానా పోలీసు స్టేషనుకు రండి" అన్నంత మటుకే చెప్పండి. ఒక గుర్తును, ఒంటి మీద పుట్టుమచ్చనో, చెల్లెలి ముద్దుపేరునో, బయటికి చెప్పకుండా మీ పుస్తకంలోనే ఉంచుకోండి. వచ్చినవారు అది చెప్పగలగాలి. అంతకంటే ముఖ్యంగా, వారిని చూసినప్పుడు బిడ్డ ఎలా ఉందో గమనించండి: పరుగెత్తుకుంటూ వెళ్లి హత్తుకుందా, బిగుసుకుపోయిందా. అన్నీ సరిపోయినా బిడ్డను అప్పగించే నిర్ణయం సమితిదే, శిబిరంలో ఉన్న మనది కాదు.

"మేము పెంచుకుంటాం" అని వచ్చేవారు

2010 జనవరిలో హైతీలో భూకంపం వచ్చిన తరువాత పదిమంది అమెరికన్లు 33 మంది పిల్లలను అనాథలని చెప్పి పక్క దేశానికి తీసుకుపోతూ సరిహద్దు దగ్గర పట్టుబడ్డారు. విచారిస్తే వారిలో చాలామందికి తల్లిదండ్రులు బతికే ఉన్నారని తేలింది. మన దేశంలో 2021లో కోవిడ్ రెండో విడత సమయంలో, తల్లీతండ్రీ పోయిన పసిబిడ్డ ఉంది, కావలసినవారు ఈ నంబరుకు ఫోను చేయండి అంటూ సందేశాలు ఫోను ఫోనుకూ తిరిగాయి; అలాంటివాటిని నమ్మవద్దని కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ హెచ్చరించవలసి వచ్చింది.

కాబట్టి ఎంత కలిగినవారు వచ్చినా, ఏ సంస్థ పేరు చెప్పినా, శిబిరంలో జవాబు ఒకటే: దత్తత ఇక్కడ జరగదు. బాలల సంక్షేమ సమితి ముందు తల్లిదండ్రుల కోసం, బంధువుల కోసం వెదకాలి. ఎవరూ లేరని తేలిన తరువాత బిడ్డను దత్తతకు అర్హురాలిగా ప్రకటించాలి. ఆ తరువాతనే చట్టం చెప్పిన పద్ధతిలో దత్తత. డబ్బు ఇచ్చి బిడ్డను తీసుకున్నా, అమ్మినా ఐదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి. హాస్టలులో చేర్చి ఉచితంగా చదివిస్తామనే మాట ఇంకా తీయగా ఉంటుంది, అందుకే దాన్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఆ హాస్టలు బాలల న్యాయ చట్టం కింద నమోదైనదా అని జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని అడగకుండా ఒక్క బిడ్డను కూడా వాహనం ఎక్కించవద్దు. వాహనం అప్పటికే కదిలిపోయిందంటే నంబరు రాసుకొని 112కి చెప్పండి. రేణిగుంట, గూడూరు జంక్షన్ల నుంచి రైలెక్కిస్తారన్న అనుమానం ఉంటే 139కి ఫోను చేసి రైల్వే రక్షణ దళానికి కూడా తెలపండి.

గదులు, దీపాలు, దారులు

ఇది కొద్ది మాటల్లో చెప్పగలిగిన విషయమే గాని చేయకపోతే నష్టం పెద్దది. కుటుంబాలు ఒక గదిలో, ఒంటరి మగవారు వేరే గదిలో పడుకోవాలి. మరుగుదొడ్లు ఆడవారికీ మగవారికీ వేరువేరు దిక్కుల్లో ఉండాలి, లోపలి గడియ పడాలి, గది నుంచి అక్కడిదాకా రాత్రంతా వెలుతురు ఉండాలి. కరెంటు పోతే సోలారు దీపమో, బ్యాటరీ లైటో అక్కడే ముందు పెట్టాలి, వంటశాలలో కాదు. చీకటి పడ్డాక పిల్లలను నీళ్లకో, టీ పొట్లానికో ఒంటరిగా పంపకూడదు. ఈ శ్రద్ధ ఆడపిల్లల విషయంలోనే చాలనుకోవద్దు. మగపిల్లలూ లైంగిక వేధింపులకు గురవుతారు, చెప్పుకోవడానికి వారికి మాటలు కూడా దొరకవు.

పగలు ఒక గదినో, చెట్టు నీడనో పిల్లల కోసం కేటాయించి, ఆటలు, బొమ్మలు గీయడం, పాఠాలు ఒక వేళ ప్రకారం నడిపించండి. తల్లిదండ్రులు మట్టి ఎత్తడానికో, నష్టపరిహారం జాబితా కోసం సచివాలయానికో వెళ్లినప్పుడు పిల్లలు చెదరిపోకుండా ఉండేది దీనివల్లనే. అక్కడ కూడా ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి.

సాయం చేసేవారికీ కట్టుబాటు ఉండాలి

చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పక తప్పదు: పిల్లలకు హాని చేసేవారిలో సాయం పంచే చేతులు కూడా ఉంటాయి. గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ శరణార్థి శిబిరాల్లో తిండి గింజల కోసం ఆడపిల్లలను లోబరచుకున్నారన్న ఆరోపణలు బయటపడిన తరువాత, 2002లో ఐక్యరాజ్యసమితి సంస్థలు, ఇతర సహాయ సంస్థలు కలిసి ఆరు నియమాలు పెట్టుకున్నాయి. పద్దెనిమిదేళ్లలోపువారితో లైంగిక సంబంధం, స్థానిక చట్టం ఏమి చెప్పినా, వయసు తెలియదన్న సాకు చెప్పినా, నిషిద్ధమన్నది వాటిలో ఒకటి. డబ్బు, వస్తువు, పని, సాయం ఏదైనా సరే, దానికి బదులుగా లైంగిక కోరిక కోరకూడదన్నది మరొకటి.

మన శిబిరంలో ఇది ఇలా అమలు చేయవచ్చు. పంపిణీ పగలే, అందరి ఎదుటే జరగాలి. ఎవరికి ఎన్ని ఇస్తున్నామో గోడ మీద రాయాలి, ఇది ఉచితమన్న మాట పెద్ద అక్షరాలతో ఉండాలి. వరుసలో నిలబడటానికి పిల్లలను పంపవద్దని తల్లిదండ్రులకు చెప్పాలి. పెద్దదిక్కు లేని పిల్లల వాటాను వారి దగ్గరికే ఇద్దరు కలిసి వెళ్లి ఇవ్వాలి. పని చేయడానికి వచ్చిన ప్రతి యువకుడి పేరు, ఊరు రాసుకోవాలి. బిడ్డతో ఒంటరిగా గదిలో ఉండను, బిడ్డను కొట్టను, ఫోటో తీసి పంచను, ఫోను నంబరు తీసుకోను అన్న నాలుగు మాటలు వారితో చెప్పించాలి. దాతలు బిస్కట్లు ఇస్తూ పిల్లలతో ఫోటో దిగుతామంటే మర్యాదగా వద్దనండి.

బిడ్డ నోరు విప్పినప్పుడు

హింసకు గురైన బిడ్డ నేరుగా చెప్పదు. ముందు ఆడుకున్న పిల్ల గోడవైపు తిరిగి కూర్చుంటుంది, ఎనిమిదేళ్లవాడు మళ్లీ పక్క తడుపుతాడు, ఎవరో ఒక మనిషి గదిలోకి వస్తే బిడ్డ లేచి బయటికి వెళ్లిపోతుంది, అన్నం ముట్టదు, చేతిలో ఎవరూ ఇవ్వని కొత్త వస్తువు కనబడుతుంది. ఇవన్నీ వరద భయం వల్ల కూడా కావచ్చు. తేల్చుకోవడం మన పని కాదు. దగ్గర ఉండటం, గమనించడం మాత్రం మన పనే.

బిడ్డ చెప్పడం మొదలుపెట్టినప్పుడు చేతిలో పని ఆపి, బిడ్డ ఎత్తుకు కూర్చొని వినండి. "నువ్వు చెప్పింది మంచి పని, నాయనా. తప్పు నీది కాదు" అన్న రెండు మాటలు చాలు. ఎందుకు వెళ్లావు, ఎందుకు అరవలేదు అని అడగకూడదు. వాడే కదా చేసింది అని పేరు మన నోటి నుంచి అందించకూడదు. రేపు కోర్టులో ఆ ఒక్క మాట వల్ల బిడ్డ చెప్పిన నిజం బలహీనపడుతుంది. ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టకూడదు, ఎందుకంటే చెప్పక తప్పదు. "నిన్ను కాపాడగలిగినవాళ్లకు మాత్రమే చెబుతాను, నీతో చెప్పే చేస్తాను" అనండి. మళ్లీ మళ్లీ పదిమంది ముందు చెప్పించవద్దు. బిడ్డ మాటలను బిడ్డ వాడిన పదాలతోనే, తేదీ, వేళ వేసి, ఒక కాగితం మీద రాసి భద్రపరచండి.

పోక్సో చట్టం, అంటే లైంగిక నేరాల నుంచి బాలల రక్షణకు 2012లో వచ్చిన చట్టం, నేరం జరిగిందని తెలిసిన ప్రతి వ్యక్తీ పోలీసులకు తెలియజేయాలని ఆదేశిస్తుంది. పెద్దమనుషులు కూర్చొని డబ్బు ఇప్పించి సరిపెట్టే అధికారం ఎవరికీ లేదు. పోలీసులు బిడ్డ వాంగ్మూలాన్ని బిడ్డ ఇంట్లో గాని, బిడ్డ కోరిన చోట గాని తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫారం లేకుండా రావాలి. ఏ కారణం చేతనూ బిడ్డను రాత్రి స్టేషనులో ఉంచకూడదు. సంఘటన ఎక్కడ జరిగినా మీకు దగ్గరి స్టేషనులోనే జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయమని అడగవచ్చు. మా పరిధి కాదన్న జవాబును అంగీకరించవద్దు.

ఆసుపత్రికి తీసుకువెళ్లడం ఫిర్యాదు కోసం ఆగకూడదు. ఎయిడ్స్ వైరస్ సోకకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది. సాధ్యమైతే పరీక్షకు ముందు స్నానం చేయించకుండా, బట్టలు ఉతకకుండా, వాటిని ప్లాస్టిక్ సంచిలో కాక కాగితం సంచిలో ఉంచండి. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి, తల్లి లేదా బిడ్డ నమ్మిన మనిషి పక్కన ఉండాలి. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు రెండూ మొదటి చికిత్స ఉచితంగా చేయాలి. ఉచిత న్యాయ సహాయానికి 15100, మహిళల సహాయానికి 181 నంబర్లు ఉన్నాయి.

నీళ్లు తీసిన తరువాత

శిబిరాలు పదిరోజుల్లో మూసేస్తారు. అసలు కష్టం ఆ తరువాతే మొదలవుతుంది. వేరుశనగ కుళ్లిపోయింది, ఆవు కొట్టుకుపోయింది, ఇంటి గోడ పడిపోయింది. అలాంటి ఇంటికి మేస్త్రీ వచ్చి, ఇటుక బట్టీకి కుటుంబమంతా వస్తే ఇంత అడ్వాన్సు అని నోట్లు లెక్కపెడతాడు. యానాది కాలనీలకైతే బాతులు మేపేవారు వస్తారు: పిల్లవాడిని బాతుల వెంట పంపండి, తిండి పెడతాం, అప్పు తీరాక పంపేస్తాం అంటారు. బాతుల మంద కోతలైన మళ్ల వెంట ఊరూరూ తిరుగుతుంది కనుక ఆ పిల్లవాడు ఈ రోజు ఎక్కడున్నాడో తల్లిదండ్రులకు తెలియదు. అడిగితే అప్పు పెరిగిందంటారు. ఆ పిల్లవాడు పనికి వెళ్లినట్టు కాదు, తాకట్టులో ఉన్నట్టు.

వెట్టిచాకిరీని మన దేశం 1976లోనే చట్టంతో రద్దు చేసింది. అడ్వాన్సు తీసుకున్నందుకు పని వదిలి వెళ్లకూడదనడమే వెట్టి. ఆ అప్పు చట్టం దృష్టిలో చెల్లదు, తీర్చవలసిన అవసరం లేదు. పద్నాలుగేళ్లలోపు బిడ్డను పనిలో పెట్టుకోవడం, పద్నాలుగు నుంచి పద్దెనిమిదిలోపువారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోవడం బాలకార్మిక చట్టం కింద నేరం. బిడ్డ ఎక్కడున్నాడో తెలిసినా తెలియకపోయినా ఆర్డీవోకు లేదా కలెక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. విడిపించిన తరువాత విడుదల పత్రం అడిగి తీసుకోవడం మరవవద్దు, పునరావాస సాయానికి అదే ఆధారం. ఈ పని కుటుంబం ఒంటరిగా చేయలేదు. యజమాని మనుషులు వచ్చి బెదిరిస్తారు. ఊళ్లో చదువుకున్నవారు నలుగురు వెంట వెళ్లాలి.

పెళ్లిళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇల్లు కూలిన ఇంట్లో పదిహేనేళ్ల పిల్ల ఉంటే, ఒక నోరు తగ్గుతుంది, పిల్లకు అండ దొరుకుతుంది అన్న ఆలోచన తల్లిదండ్రులకు వస్తుంది. వారిని దుర్మార్గులని అనలేం. ఆ భయం నిజమైనదే. అయితే ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 ఏళ్లు నిండకుండా చేసే పెళ్లి 2006 చట్టం కింద నేరం. చేయించినవారికి, జరిపించిన పురోహితుడికి కూడా రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కబురు ముందే తెలిస్తే 1098కి లేదా అంగన్‌వాడీలను చూసుకునే ఐసీడీఎస్ అధికారి సీడీపీవోకు చెబితే మేజిస్ట్రేటు నుంచి పెళ్లి ఆపే ఉత్తర్వు తెప్పించవచ్చు. దానితోనే ఆగకుండా, ఆ పిల్లను కస్తూర్బా విద్యాలయంలోనో, సంక్షేమ హాస్టలులోనో చేర్పించడానికి ఎవరో ఒకరు పూనుకోవాలి. పెళ్లి ఆపి, బడికి దారి చూపకపోతే, నెల తరువాత వేరే ఊరి గుడిలో అదే పెళ్లి జరుగుతుంది.

బడి తెరిచిన మొదటి సోమవారం హాజరు పట్టీని శిబిరం పుస్తకంతో పోల్చి చూడండి. శిబిరంలో పేరుండి బడిలో లేని బిడ్డలెవరో అక్కడే తేలిపోతుంది. పుస్తకాలు, బట్టలు కొట్టుకుపోయి సిగ్గుతో రానివారుంటారు, తట్ట మోయడానికి వెళ్లినవారుంటారు, అవ్వగారింటికి పంపామని తల్లి చెప్పేవారుంటారు. అవ్వగారిల్లంటే ఆ ఊరి పేరు, ఫోను నంబరు అడిగి, బిడ్డతో ఒకసారి మాట్లాడించమనండి.

శిబిరం మూసే రోజు పుస్తకంలో ప్రతి పేరు ఎదురుగా బిడ్డ ఎవరి వెంట, ఏ చిరునామాకు వెళ్లిందో రాసి, పుస్తకం రాసిన ఇద్దరూ సంతకం చేసి, ఒక నకలు సచివాలయం మహిళా పోలీసుకు, ఒకటి జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి ఇవ్వండి. పుస్తకాన్ని ఎవరికి పడితే వారికి చూపకుండా తాళం వేసిన బీరువాలో ఉంచండి. నెలకొకసారి చొప్పున కనీసం మూడు నెలలు ఆ పేర్లు పట్టుకొని ఇంటింటికీ వెళ్లి, బిడ్డను కళ్లారా చూసి, తేదీ వేసి రాయండి. ఏ పేరు ఎదురుగానైనా తేదీ వేయలేకపోతే, ఆ రోజే 1098కి ఫోను చేయండి.